చూడి ఆవుకు కాల్షియం ఇప్పుడే పట్టాలా, ఈనాక పట్టాలా? (పాలజ్వరం)

పలమనేరు_పాడి

అందరికీ నమస్కారం. మా జెర్సీ సంకర ఆవు నాలుగో ఈతకు వచ్చింది. ఈనడానికి ఇంకా నాలుగు వారాల దాకా ఉంది. పోయిన ఈతలో ఈనిన మర్నాడు తెల్లవారేసరికి కాళ్లు ముడుచుకుని, తల డొక్క మీదికి తిప్పుకుని పడి ఉంది. చెవులు చల్లబడ్డాయి, ముట్టె ఎండిపోయింది, పేడ వేయలేదు. డాక్టరు గారు వచ్చి నరానికి కాల్షియం ఎక్కించాక లేచింది.

ఈసారి ముందే జాగ్రత్తపడదామని అడుగుతున్నాను. మందుల దుకాణాయన ద్రవ కాల్షియం సీసా ఇచ్చి, ఇప్పటి నుంచే రోజూ పట్టమన్నాడు. మా ఊరి డాక్టరు గారేమో ఈనే దాకా దాని జోలికి వెళ్లవద్దన్నారు. కాల్షియం తగ్గి వచ్చే జబ్బుకు ముందుగా కాల్షియం పెట్టవద్దనడం నాకు అంతుపట్టలేదు. ఆయన హడావుడిలో ఉన్నారు, నిలబెట్టి అడగలేకపోయాను.

మేత: సూపర్ నేపియర్, రోజుకు ఒక మోపు లూసర్న్, కొంచెం వరిగడ్డి, తవుడు, వేరుశనగ చెక్క, ఖనిజ లవణ మిశ్రమం.

మెట్ట_రైతు

దుకాణాయన చెప్పిందే సబబుగా ఉంది. కడుపులో దూడ ఎముకలు కట్టేది తల్లి కాల్షియంతోనే కదా. మా ఇంట్లో ఎనిమిదో నెల నుంచి సీసా పడుతూనే ఉంటాం, ఇంతవరకు ఒక్క ఆవూ పడలేదు. పుస్తకాల మాట పుస్తకాలది, అనుభవం మాట అనుభవానిది.

రిటైర్డ్_పశువైద్యుడు

మెట్ట_రైతు గారూ, మీ ఆవులు ఏ జాతి, ఎన్నో ఈత, పూటకు ఎన్ని లీటర్లు? ఈ మూడూ తెలిస్తే గాని మీ అనుభవం పలమనేరు ఆవుకు పనికొస్తుందో లేదో చెప్పలేం.

మెట్ట_రైతు

ఒంగోలు ఆవులు రెండు. సంకర జాతిది ఒకటి, దానికిది మొదటి ఈత. ఒంగోలువి పూటకు రెండు మూడు లీటర్లు ఇస్తాయి.

రిటైర్డ్_పశువైద్యుడు

అదీ సంగతి. మీ ఆవులకు మీరు సీసా పట్టినా, పట్టకపోయినా పాలజ్వరం రావడం అరుదే. తక్కువ పాలిచ్చే నాటు ఆవుకు, మొదటి ఈత పెయ్యకు ఇది చాలా తక్కువ. మూడో ఈత దాటి, పాలు బాగా ఇచ్చే ఆవులకే దీని దెబ్బ. అందులోనూ జెర్సీ రక్తం ఉంటే ఇంకా ఎక్కువ. సీసాకు దక్కిన పేరు నిజానికి మీ ఒంగోలు జాతిది.

ఇక పలమనేరు గారి ప్రశ్న. కొంచెం లెక్క చెప్పనివ్వండి. ఆవు రక్తంలో ఒక సమయాన తిరిగే కాల్షియం మొత్తం కలిపినా 3 గ్రాములకు అటూ ఇటూ. ముర్రుపాలు లీటరులో సుమారు 2 గ్రాములు ఉంటుంది. ఈనిన రోజు 10 లీటర్లు పిండితే 20 గ్రాములు పొదుగు దారిన పోయినట్టే. అంటే రక్తంలో ఉన్నదానికి ఆరేడు రెట్లు! ఈ లోటు ఎక్కడి నుంచి పూడాలి? రెండే చోట్లు: ఎముకలు, పేగులు. ఎముకల్లో కాల్షియం కిలోల లెక్కన ఉంటుంది. ఆ గాదె తాళం తీసేది పారాథైరాయిడ్ గ్రంథి హార్మోను. పేగులు మేతలోని కాల్షియాన్ని ఎక్కువగా పీల్చుకునేలా చేసేది ఆ హార్మోను వల్ల చురుకుగా మారే విటమిన్ డి.

చూడి చివరి వారాల్లో రోజూ దండిగా కాల్షియం అందుతుంటే ఈ ఏర్పాటుకు పనే ఉండదు, మందగిస్తుంది. ఈనిన రోజు ఒక్కసారిగా అవసరం మీదపడితే మేలుకుని పూర్తి వేగం అందుకోవడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. ఆవు పడేది సరిగ్గా ఆ సందులోనే. అందుకే ఎక్కువగా ఈనిన 72 గంటల లోపే కనిపిస్తుంది. మీ ఊరి డాక్టరు గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు సరైనది. సీసా మూత తీయకుండా ఈనే రోజుకు దాచండి.

పలమనేరు_పాడి

ఇప్పుడు తలకెక్కింది, ధన్యవాదాలు. మరి లూసర్న్ కూడా ఆపాలా? దానిలో కాల్షియం ఎక్కువంటారు.

వెటర్నరీ_మూడో_ఏడు

తిరుపతిలో చదువుతున్నాను, నేనొక మాట కలుపుతాను. లూసర్న్‌తో ఇబ్బంది రెండు వైపుల నుంచి. కాల్షియం ఎక్కువ, పొటాషియం కూడా ఎక్కువ. ఈ రెండోదే అసలు దొంగ. పొటాషియం ఎక్కువైతే ఆవు రక్తం క్షారం వైపు మొగ్గుతుంది. అప్పుడు పారాథైరాయిడ్ హార్మోను ఎంత విడుదలైనా ఎముక, మూత్రపిండం సరిగా స్పందించవు. పెంట, ఎరువు, మురుగునీరు బాగా పారించిన పొలంలోని నేపియర్‌లో కూడా పొటాషియం దండిగా ఉంటుంది. పాక కడిగిన నీళ్లను గడ్డి మడికి వదిలే అలవాటు మనలో చాలామందికి ఉంది కాబట్టి చెబుతున్నాను.

చివరి మూడు వారాలు లూసర్న్ ఆపి, నేపియర్ తగ్గించి, వరిగడ్డి, జొన్నచొప్ప, మొక్కజొన్న చొప్ప పెంచితే మేలు. దాణా మానేయకండి.

ఇంకొకటి, మెగ్నీషియం. అది తక్కువైతే పారాథైరాయిడ్ హార్మోను విడుదలా తగ్గుతుంది, పనితనమూ తగ్గుతుంది.

వైకటో_గడ్డి

న్యూజిలాండ్ నుంచి. ఇక్కడ పాడి క్షేత్రంలో పని చేస్తున్నాను, మాది గుంటూరు జిల్లా. ఇక్కడ జెర్సీలు, జెర్సీ హోల్‌స్టీన్ సంకరాలు ఎక్కువ. జులై, ఆగస్టులలో మంద మొత్తం వరసగా ఈనుతుంది. ఆ రోజుల్లో పొద్దున్నే మా మొదటి పని పడిపోయిన ఆవు ఎక్కడైనా ఉందా అని పచ్చిక అంతా తిరిగి చూడడం.

మెగ్నీషియం మాట వచ్చింది కాబట్టి: ఇక్కడ ఈనే కాలం దగ్గరపడగానే మెగ్నీషియం ఆక్సైడ్ పొడిని పచ్చిక మీద చల్లుతారు, మెగ్నీషియం లవణాలను తాగే నీళ్లలో కలుపుతారు. సున్నపురాయి పిండి మాత్రం ఈనిన ఆవులకే. చూడి మందకు అది వేస్తే యజమాని ఊరుకోడు. రిటైర్డ్ డాక్టరు గారు చెప్పిన సూత్రమే, ఇక్కడ ట్రాక్టరుతో అమలు చేస్తారు.

అమీర్‌పేట_వాసి

నాకు ఆవుల్లేవు, జున్ను ఇష్టమై ఈ చర్చలోకి తొంగిచూశాను. పైన ముర్రుపాల లెక్క చదివాక ఒక సందేహం. మా అమ్మమ్మ ఊరిలో ఎవరి ఆవు ఈనినా ఊళ్లో సగం మంది గిన్నెలు పట్టుకుని జున్నుపాలకు వచ్చేవారు. ఇంటివాళ్లు కాదనలేక మొత్తం పిండి పంచేవారు. అది కూడా కారణమేనా?

రిటైర్డ్_పశువైద్యుడు

చక్కటి ప్రశ్న. నాటు ఆవు రెండు లీటర్లు ఇచ్చే రోజుల్లో ఊరికి జున్ను పంచినా ఏమీ కాలేదు. పది లీటర్ల పొదుగున్న ఆవుకు అదే మర్యాద చేస్తే ఆవు మీదికి వస్తుంది. పాలజ్వరం వచ్చిన చరిత్ర ఉన్న ఆవుకు మొదటి రోజు దూడకు కడుపునిండా కావలసినంత తీసి మిగతాది పొదుగులోనే ఉంచడం కొంత సాయం చేస్తుంది. అదొక్కటే చాలు అనుకోకండి. దూడకు మాత్రం కోత పెట్టవద్దు, ఈనిన మొదటి కొద్ది గంటల్లోనే దాని బరువులో పదో వంతు ముర్రుపాలు దాని కడుపులో పడాలి. జున్ను బంధువులు రెండో రోజు సాయంత్రం రావచ్చు.

రాధ_పాడి (నల్గొండ)

డాక్టర్ గారూ, మెట్ట అన్న గారూ, నేను పాక చూసుకునేదాన్ని కాబట్టి పడిన తర్వాత సంగతులు రాస్తాను. ముందు లక్షణాలు గుర్తుపట్టడంలోనే చాలామంది ఆలస్యం చేస్తారు.

మొదట్లో ఆవు పడదు. మేత వదిలేస్తుంది, వెనక కాళ్లు మార్చి మార్చి వేస్తుంది, తొడల కండరాలు సన్నగా వణుకుతుంటాయి. నడిపిస్తే తూలుతుంది. కొన్ని బెదురు చూపులు చూస్తాయి. ఈ దశ గంట లోపే దాటిపోవచ్చు, రాత్రి ఈనితే మనం చూడనే చూడం. తర్వాతిది పలమనేరు అన్న రాసిన దశ: రొమ్ము మీద కూర్చుని, మెడ మెలితిప్పి, తల డొక్కకు ఆనించి పడుకుంటుంది. చెవి మొదలు పట్టుకుంటే చల్లగా తగులుతుంది. థర్మామీటరు పెడితే 101.5 ఉండవలసిన చోట 98, 99 చూపిస్తుంది. మూడో దశలో పక్కకు వాలిపోతుంది, కాళ్లు చాపేస్తుంది, కడుపు ఉబ్బుతుంది, పిలిచినా ఉలకదు. అక్కడికి వచ్చాక మిగిలేవి గంటలే.

కాల్షియం ఎక్కిస్తున్నప్పుడు చూడవలసినవి ఉన్నాయి. డాక్టరు గారు సీసా పైకెత్తి పట్టుకోమంటే చాలామంది తొందరగా అయిపోవాలని ఇంకా పైకెత్తుతారు. వద్దు. మా దగ్గరికి వచ్చే డాక్టరమ్మ సీసాను గోరువెచ్చటి నీళ్లలో ఉంచి, ఒక చేత్తో గుండె మీద స్టెతస్కోపు పెట్టి, చుక్కలు తగ్గిస్తూ పెంచుతూ ఎక్కిస్తారు. సీసా సగం దాటేసరికి ఒళ్లంతా సన్నటి వణుకు వస్తుంది, భయపడకండి, అది మంచి గుర్తు. తేనుపు వస్తుంది. ఎండిన ముట్టె మీద చెమట బొట్లు పుడతాయి. గట్టిపడిన పేడ ఉండలుగా పడుతుంది. ఈ నాలుగూ కనిపిస్తే డాక్టరమ్మ మొహంలో నవ్వు కూడా కనిపిస్తుంది.

రిటైర్డ్_పశువైద్యుడు

రాధ గారు రాసినదాని మీద సంతకం పెడతాను. ఒక్క వివరం చేరుస్తాను. 450 మిల్లీలీటర్ల కాల్షియం బోరోగ్లూకోనేట్ సీసాలో ఉండే అసలు కాల్షియం 8, 9 గ్రాములే. నిమిషానికి ఒక గ్రాము మించకూడదని మేము నేర్చుకున్న లెక్క. అంటే పది నిమిషాల లోపు సీసా ఖాళీ అయితే తప్పు జరుగుతోందని అర్థం. కాల్షియం గుండె కండరం మీద నేరుగా పని చేస్తుంది. త్వరగా పోస్తే గుండె లయ తప్పి ఆవు చేతుల్లోనే పోతుంది. కాబట్టి ‘మా బావమరిది నరానికి ఎక్కించడం వచ్చినవాడు’ అనే ధైర్యం పనికిరాదు. రెండు రాష్ట్రాలలోనూ 1962కు ఫోను చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది.

మెట్ట_రైతు

ఒప్పుకుంటాను, మా ఆవుల లెక్క వేరు. కానీ మా వైపు పెద్దవాళ్లు సున్నపు తేట పట్టేవారు. వాహనం వచ్చేలోగా అది పట్టవచ్చు కదా, అందులోనూ కాల్షియమే కదా?

రిటైర్డ్_పశువైద్యుడు

రెండు కారణాల వల్ల వద్దు. ఒకటి, లీటరు సున్నపు తేటలో గ్రాము కాల్షియం కూడా కరిగి ఉండదు, సున్నం అంతకు మించి నీళ్లలో కరగదు. రెండోది ప్రాణాంతకం: పడిన ఆవుకు మింగే శక్తి తగ్గి ఉంటుంది. తల పైకెత్తి గొట్టంతో ఏది పోసినా, తేట కానివ్వండి, నూనె కానివ్వండి, దుకాణపు కాల్షియం కానివ్వండి, ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. పాలజ్వరం తగ్గి, న్యుమోనియాతో పోయిన ఆవులను చూశాను. ఆవు లేచి నిలబడి, తనంతట తాను మింగగలిగినప్పుడే నోటి కాల్షియం.

వాహనం వచ్చేలోగా చేయవలసింది ఇది: పక్కకు వాలిపోయి ఉంటే రొమ్ము మీద కూర్చోబెట్టి, గడ్డి మూటో ఇసుక బస్తాలో ఆనించండి. అలా ఉంటే ఉబ్బరం తగ్గుతుంది, కడుపులోది గొంతులోకి రాదు. ఎండలో ఉంటే నీడ, చలిలో ఉంటే గోనె పట్టా.

ఖమ్మం_ముర్రా

మా నాన్నగారు ఒక కథ చెబుతారు. పూర్వం ఇలా పడిన గేదెకు సైకిలు పంపుతో పొదుగులోకి గాలి కొట్టేవారట, గేదె లేచేదట. ఇది నిజమా, ఊరి కబురా?

రిటైర్డ్_పశువైద్యుడు

నిజం, పైగా దీనికి ఘనమైన చరిత్ర ఉంది. 1897లో డెన్మార్క్‌లోని కోల్డింగ్ పట్టణంలో ష్మిట్ అనే పశువైద్యుడు జబ్బు పొదుగులో పుట్టే విషం వల్ల వస్తుందని నమ్మి, చనుమొనల గుండా పొటాషియం అయోడైడ్ ద్రావణం ఎక్కించాడు. అంతకు ముందు ఈ జబ్బు వచ్చిన ఆవులలో సగానికి పైగా చనిపోయేవి, ఆ తర్వాత చావులు బాగా తగ్గాయి. కొన్నేళ్లకు మందు లేకుండా వట్టి గాలి కొట్టినా ఆవు లేస్తుందని తేలింది. ఆయన సిద్ధాంతం తప్పు, వైద్యం ఒప్పు. పొదుగులో ఒత్తిడి పెరిగితే పాలు ఊరడం ఆగుతుంది, కాల్షియం కారిపోవడం ఆగుతుంది, రక్తం తేరుకుంటుంది. కారణం కాల్షియం లోటేనని ఎడిన్‌బరోలో డ్రైయర్, గ్రెగ్ 1925లో ప్రతిపాదించారు. బోరోగ్లూకోనేట్ వాడకం 1930ల నుంచి వచ్చింది.

గాలి కొట్టిన పొదుగుకు వాపు రోగం పట్టే ప్రమాదం ఎక్కువ. మీ నాన్నగారి కథ నిజమే, పంపు మాత్రం సైకిలుకే ఉంచండి.

ఖమ్మం_ముర్రా

నాన్నగారికి చదివి వినిపించాను, చాలా సంతోషించారు. మరి మా ముర్రా గేదెకు ఈనిన మూడో వారంలో మూత్రం కాఫీ రంగులో వచ్చింది. అదీ కాల్షియమేనా?

వెటర్నరీ_మూడో_ఏడు

కాదండి. అది భాస్వరం లోటు కావచ్చు. భాస్వరం తగ్గితే ఎర్ర రక్తకణాలు పగిలి, వాటి రంగు మూత్రంలోకి దిగుతుంది. బాగా పాలిచ్చే గేదెలలో ఈనిన కొన్ని వారాల లోపల కనిపిస్తుంది. పిడుదుల వల్ల వచ్చే జ్వరంలో కూడా మూత్రం ఇలాగే ఉంటుంది, అయితే దానిలో ఒళ్లు కాలిపోతుంది. రెండింటికీ మందులు వేరు. ఈ రోజే డాక్టరుకు చూపించండి, రక్తం తగ్గిపోయాక వైద్యం కష్టం.

నిర్వాహకుడు

ఖమ్మం_ముర్రా గారి ప్రశ్నకు ఇంకా ఎవరైనా జవాబు రాయాలనుకుంటే ‘ఎర్ర మూత్రం’ పాత చర్చలో రాయండి. ఇక్కడ సూదిమందుల మోతాదులు సొంతంగా వేసుకునేలా రాయవద్దని మనవి. అలాంటి ఒక సందేశం తొలగించాను.

పలమనేరు_పాడి

కొత్త విషయం. మా డాక్టరు గారు అయానిక్ లవణాల పొడి రాశారు, దాణాలో కలపమన్నారు. ఆవు వాసన చూసి తల తిప్పేస్తోంది. ఇది దేనికి, ఎలా తినిపించాలి?

వెటర్నరీ_మూడో_ఏడు

పొటాషియం వల్ల రక్తం క్షారం వైపు మొగ్గుతుందన్నాను కదా, దాన్ని కాస్త ఆమ్లం వైపు లాగడానికే ఈ లవణాలు. అమ్మోనియం క్లోరైడ్, మెగ్నీషియం సల్ఫేట్ లాంటివి ఉంటాయి, రుచికి చేదు. కొద్దిగా మొదలుపెట్టి పెంచండి, తడి దాణాలో బెల్లపు మడ్డి కలపండి. రోజంతా మేతలో పంచితే ఇంకా మంచిది. ఈనిన రోజుతో ఆపేయాలి.

పని చేస్తోందా లేదా అన్నది ఊహించుకోనక్కర్లేదు. పీహెచ్ కాగితం కొని, ఆవు మూత్రం పోసేటప్పుడు మధ్యధారలో తడపండి. మామూలుగా 8 దాకా చూపిస్తుంది. లవణాలు పడుతుంటే 6, 7 మధ్యకు దిగాలి. 5.5కి పడిపోతే మోతాదు ఎక్కువైనట్టు, డాక్టరు గారికి చెప్పండి.

రాధ_పాడి (నల్గొండ)

మూత్రం ఎప్పుడు పోస్తుందా అని కాగితం పట్టుకుని వెనకాల తిరగనక్కర్లేదు తమ్ముడూ. మానం కింద చర్మాన్ని వేళ్లతో మెల్లగా కిందికీ పైకీ నిమిరితే నిమిషంలో పోస్తుంది. పక్కకు నిలబడు.

పలమనేరు_పాడి

అక్కా, చిట్కా పనిచేసింది. పక్కకు నిలబడమన్నది ఆలస్యంగా చదివాను. కాగితం ఏడుకు కొంచెం తక్కువ చూపించింది.

మెట్ట_రైతు

ఈనాక కుండెడు అన్నం, బెల్లం వండి పెట్టడం మా ఆచారం. అది పెట్టవచ్చా, లేక దానికీ లెక్కలు ఉన్నాయా?

రిటైర్డ్_పశువైద్యుడు

ఉన్నాయి! గోరువెచ్చటి నీళ్లలో గుప్పెడు బెల్లం, కాస్త ఉప్పు, కొంచెం తవుడు వేసి ఇవ్వండి, తాగుతుంది, మంచిది. కుండెడు అన్నం మాత్రం పెద్ద పొట్టలో పులిసి ఆమ్లం చేరుతుంది, ఆవు మళ్లీ పడుతుంది. అప్పుడు అందరూ పాలజ్వరం అనుకుని కాల్షియం కోసం పరుగెత్తుతారు. ఈనిన ఆవు పడితే ప్రతిసారీ కాల్షియమే కాదు. పొదుగువాపు విషం ఎక్కినా, దూడ అడ్డం తిరిగి లాగినప్పుడు తుంటి నరం నలిగినా పడుతుంది.

పలమనేరు_పాడి

నిన్న సాయంత్రం ఈనింది, పెయ్యదూడ. మాయ కూడా రాత్రికే పడింది. డాక్టరు గారు రాసిన కాల్షియం జెల్ ఆవు నిలబడి ఉండగానే పట్టాను. దూడకు సరిపడా పాలు తీసి మిగతాది వదిలేశాను. ఇవాళ నెమరు వేస్తోంది, చెవులు వెచ్చగా ఉన్నాయి. జున్నుకు వచ్చినవాళ్లను రేపు రమ్మన్నాను, మా పిన్ని అలిగింది.

రిటైర్డ్_పశువైద్యుడు

పిన్ని గారిని తర్వాత బతిమాలుకోవచ్చు. మూడు రోజులు దాటేదాకా రాత్రి ఒకసారి లేచి చూడండి. కాల్షియం ఎక్కించి లేచిన ఆవులలో కూడా నాలుగింట ఒకటి మళ్లీ పడుతుంది, మీది పడకుండానే గడిచింది కాబట్టి అంత భయం లేదు.

రెండో వారం నుంచి ఇంకొకటి గమనించాలి. పాలు పెరుగుతూ, మేత అంత వేగంగా పెరగకపోతే ఆవు ఒంట్లో కొవ్వు కరిగించుకుంటుంది, దాని నుంచి కీటోసిస్ వస్తుంది. దాణా ముట్టదు, గడ్డి మాత్రం కొరుకుతుంది. పాలు తగ్గుతాయి, ఒళ్లు గబగబా చిక్కుతుంది, కొందరికి ఊపిరిలో తియ్యటి మందు వాసన తగులుతుంది. ఈనే ముందు బాగా లావెక్కిన ఆవులకు ఇది ఎక్కువ. మీది ఎలా ఉంది, పక్కటెముకలు కనిపిస్తున్నాయా?

పలమనేరు_పాడి

చివరి రెండు మూడు కనిపిస్తున్నాయి. దాణా ఇప్పటికి పూటకు రెండు కిలోలే పెడుతున్నాను.

రిటైర్డ్_పశువైద్యుడు

అలాగే ఉండనివ్వండి. రెండు మూడు రోజులకు అర కిలో చొప్పున పెంచుతూ పోండి, పచ్చిమేత ముందు కడుపు నింపాలి. లూసర్న్ ఇప్పుడు మళ్లీ మొదలుపెట్టవచ్చు, దాచిన సీసా మూత కూడా ఇప్పుడు తీయవచ్చు. పదో రోజున దాణా వదిలేస్తే ఆలస్యం చేయకుండా మూత్రం పరీక్ష చేయించి ఇక్కడ రాయండి.